జాన్‌బీ పేరున పదకొండు రోగాలు

జాన్‌బీకి యాభై మూడేళ్ళు. ఒంట్లో ఉన్నది ఒకటే జబ్బు. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర మాత్రం ఆమె పేరున పదకొండు ఉన్నాయి.

ఆ సంగతి ఆమెకు మంగళవారం పొద్దున మిల్లులో తెలిసింది. శుక్రవారం గుంటూరులో ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్ళు. నూనె తగిలితే చాలు, కుడి డొక్కలో గునపం దించినట్టు ఉండేది. ఏడాదిన్నర ఓర్చుకుంది. పోయిన నెలలో కళ్ళు పచ్చబడ్డాయి. ఇంకోసారి పచ్చబడితే ప్రాణం మీదికి వస్తుందని సర్జన్ చెప్పాడు.

"మాచర్లలో రాయి తవ్వాలంటే పర్మిట్ కావాలి. నీ కడుపులో క్వారీకి ఎవడిచ్చాడే పర్మిట్?" అన్నాడు ఆమె భర్త అబ్దుల్ జబ్బార్.

జబ్బార్ నరసరావుపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. రాగితీగ చుట్టుకుంటూ కూర్చుంటే పూటకు నాలుగు మాటలు. అలాంటివాడు పరిహాసమాడాడంటే భయపడ్డాడని జాన్‌బీకి తెలుసు. అందుకే తిట్టలేదు.

ఆమె పందొమ్మిదేళ్ళుగా స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తోంది. మొదట్లో తెగిన దారాన్ని పట్టుకుని ముడి వేయడం ఆమె పని. ఇప్పుడు ముడి కూడా యంత్రమే వేస్తుంది. యంత్రం తప్పిన చోట జాన్‌బీ వేస్తుంది. ఆ ముడి కంటికి కనపడదు, చేతికి తగలదు, లాగితే ఊడదు.

ముళ్ళ అలవాటు మిల్లుతో ఆగలేదు. వాళ్ళ సందులో ఎవరికి జబ్బు చేసినా ముందు తెలిసేది ఆమె కొంగుకే. వారం సెలవు రోజున ఆమె స్టేషన్ రోడ్డులోని డాక్టరు దగ్గరికి వెళ్ళేది. తనకేమీ లేకపోయినా వెళ్ళేది. వెళుతుంటే గడపగడపకీ ఒక కేక వినపడేది.

"వదినా, పోతన్నావుగా. నా మోకాళ్ళ సంగతి కూడా అడుగు" అనేది రోశమ్మ.

"ఆపా, నా ఆయాసం చెప్పు. మందు మార్చమను" అనేది రబియా.

జాన్‌బీ కొంగున ఒక్కొక్కరికి ఒక్కొక్క ముడి వేసుకునేది. మోకాళ్ళకు గట్టి ముడి. దగ్గుకు వదులు ముడి. పసిపిల్లల జ్వరానికి కొంగు అంచున, రెండు పేటలు. డాక్టరు ఆమెను చూడగానే కళ్ళజోడు సర్దుకుని, "ఇయ్యాల ఎన్ని ముళ్ళు జాన్‌బీ?" అనేవాడు. ఆమె ఒక్కొక్కటే విప్పుతూ రోశమ్మలా కుంటి చూపించేది, రబియాలా ఎగపోసేది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తమ నొప్పులు మరిచిపోయి తలుపు సందులోంచి చూసేవాళ్ళు. డాక్టరు ఆ సందులో అందరినీ ఎరుగును. ఎవరి చీటీ వాళ్ళకే విడిగా రాసేవాడు. "రోశమ్మని బజ్జీలు మానమను. మానదులే, అయినా చెప్పు" అని కలిపి పంపేవాడు.

ఆయన రెండేళ్ళ క్రితం ఆసుపత్రి మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొంగు ఖాళీ అయింది.

అదే ఏడు మిల్లువాళ్ళు పనివాళ్ళందరికీ ఇన్సూరెన్స్ కట్టారు. ఆఫీసులో గుమస్తా సాయిబాబు కార్డులు పంచుతూ నియమాలు చదివాడు. పాలసీ పనిచేసే మనిషికీ, భార్యకో భర్తకో, పెళ్ళికాని పిల్లలకీ. ఆపరేషన్ పడితే ఆసుపత్రికి కంపెనీయే కడుతుంది. కార్డు వెనక నంబరుకు ఫోన్ చేస్తే డాక్టరు మాట్లాడతాడు. ఎన్నిసార్లయినా.

జాన్‌బీ చెవిన 'ఎన్నిసార్లయినా' పడింది. 'ఎవరికి' అన్నది పడలేదు.

ప్రభుత్వ వైద్యం కార్డుతో ఆమెకు మొదటి నుంచీ పడలేదు. పుట్టిల్లు కృష్ణ అవతల దామరచర్ల. చాలాకాలం పేరు అన్న కార్డులోనే ఉండిపోయింది. రెండు రాష్ట్రాలయ్యాక అక్కడ తీసేశారు. ఇక్కడ ఎక్కించమని పెట్టిన అర్జీ ఇంకా ఎక్కడో నడుస్తోంది. ఫోను డాక్టర్లకు ఆ బాధ లేదని సాయిబాబు చెప్పాడు. ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా దేశంలో ఎవరితోనైనా మాట్లాడవచ్చట.

"అంటే డాక్టరు మాట నది దాటుద్ది, నా కార్డు దాటదు" అంది జాన్‌బీ.

"అంతేనమ్మా."

"బాగుందిరా మీ రూలు."

మొదటి ఫోను రోశమ్మ మోకాళ్ళ కోసం చేసింది. ముందుగా ఒక ఆడగొంతు వచ్చింది, సేవల నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేయబడుతుందని. అంత మర్యాదగా చెప్పిన మనిషికి జవాబివ్వకపోతే బాగుండదని జాన్‌బీ "సరేనమ్మా" అంది. ఆ తర్వాత డాక్టరు వచ్చాడు.

"జాన్‌బీ గారా? చెప్పండి."

"నాక్కాదండీ. మా రోశమ్మ వదినకి. మోకాళ్ళు."

"ఎన్నాళ్ళ నుంచి?"

మందుల చీటీ ఫోనుకు వచ్చింది. దాని మీద జాన్‌బీ పేరే ఉంది. కంపెనీ తెరమీద రాయడానికి ఉన్నది ఆ ఒక్క పేరే. జాన్‌బీ అది పట్టించుకోలేదు. చెప్పవలసింది చెప్పింది. డాక్టరు విన్నాడు. పాత డాక్టరు దగ్గర అంతే కదా జరిగింది.

మూడు నెలల్లో ఆ నంబరు సందంతటికీ తన సొంత నంబరంత అలవాటైంది. ఎవరు వచ్చినా జాన్‌బీ రికార్డింగ్ అమ్మాయికి "సరేనమ్మా" అని, డాక్టరుకు "నాక్కాదండీ" అని, ఆ తర్వాత రోగం చెప్పేది. ఒక్కొక్కసారి డాక్టరు ఉత్తరాది యాసలో మాట్లాడేవాడు. ఒక్కొక్కసారి వెనక కుక్కర్ కూత వినపడేది. ఏ రెండుసార్లూ ఒకే డాక్టరు కాదు. అందుకే ఒక మనిషికి ఇన్ని రోగాలేమిటని ఎవరికీ అనుమానం రాలేదు.

రోశమ్మ భర్త అంకమ్మరావు సంగతే కొంచెం తేడాగా నడిచింది. అతను సిమెంటు లారీ నడుపుతాడు. ఒంటికి వెళ్ళడం ఎక్కువైంది. మాచర్ల రోడ్డు మీద ఎక్కడ పొద ఉందో తెలిసినంతగా ఎక్కడ హోటలుందో తెలియదు. ఆ మాట ఆడమనిషి చేత చెప్పించడానికి సిగ్గుపడ్డాడు.

"నేనే మాట్లాడతా అక్కా. ఫోనివ్వు."

జాన్‌బీ యథాప్రకారం, "నాక్కాదండీ, మా తమ్ముడికి. ఇస్తన్నా" అని ఫోనిచ్చింది. డాక్టరు ఆ ముక్క వినలేదు. తెరమీద చూస్తున్నాడు. జాన్‌బీ, స్త్రీ, యాభై మూడు.

"ఏంటమ్మా, గొంతు అంత బొంగురుగా ఉంది?"

అంకమ్మరావు లారీ బ్రేకు పడినట్టు ఆగిపోయాడు. నేను మగాణ్ణి అనాలని తోచలేదు. "జలుబండీ" అన్నాడు.

డాక్టరు శ్రద్ధగల మనిషి. ఆడవాళ్ళకు గొంతు అలా మారితే తేలిగ్గా తీసుకోకూడదన్నాడు. థైరాయిడ్ పరీక్ష రాశాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. అంకమ్మరావు వారం రోజులు పుక్కిలించాడు. పొదలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

చివరగా వచ్చింది సైమా. పక్కింటి రబియా కోడలు. ఇరవై మూడేళ్ళు. ఒక బిడ్డ చంకలో, ఒక బిడ్డ కొంగు పట్టుకుని. పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చి, గిన్నె కింద పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.

"ఖాలా, మా అత్త మూడో బిడ్డని కనమంటంది, మగబిడ్డ కావాలంట. నాకు ఒంట్లో శక్తి లేదు. కొన్నాళ్ళు ఆగే మాత్రలు ఉంటయ్యంటగా. ఆయన సరేనన్నాడు. అత్తకే తెలవకూడదు."

జాన్‌బీ ఫోను కలిపి, "నాక్కాదండీ, పక్కింటి పిల్లకి" అని ఇచ్చి, రబియా చెవులు పాముచెవులు గనుక మిక్సీలో మినప్పప్పు వేసి తిప్పింది. ఆ రోజు అవసరం లేని గారెల పిండి తయారైంది. జబ్బార్ రెండు పూటలూ గారెలు తిన్నాడు. ఎందుకని అడగలేదు.

ఇదీ పదకొండు రోగాల పుట్టుక.

మంగళవారం సాయిబాబు కంపెనీ ఈమెయిల్ తెరచి చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత జాన్‌బీని కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ ఆఫీసులో పనివాళ్ళను కూర్చోమనడం మంచి శకునం కాదు.

"ఆపరేషన్‌కి డబ్బు కట్టం అంటున్నారమ్మా."

"ఏం?"

"నాకు ఏ జబ్బూ లేదని ఫారం మీద వేలుముద్ర వేశావంట. మూడు నెలలు తిరక్కుండా మోకాళ్ళ అరుగుదల, ఉబ్బసం, బీపీ, థైరాయిడ్ అనుమానం, ఇంకా చానా ఉన్నయ్. మోకాళ్ళు మూడు నెలల్లో అరగవు గదా, ముందే ఉండి దాచావంటున్నారు. దాస్తే పాలసీ చెల్లదు."

"అయ్యన్నీ నావి కావని రాయి."

సాయిబాబు పెన్ను కింద పెట్టాడు. "అట్టా రాస్తే ఇంకో రూలు తగులుద్ది. పాలసీలో పేరు లేనోళ్ళని వాడనిస్తే పాలసీయే తీసేస్తారు."

జాన్‌బీ కాసేపు ఆ రెండు మాటల్నీ చెరొక చేత్తో పట్టుకున్నట్టు కూర్చుంది. తెగిన దారం రెండు కొసలు. నావంటే దాచినట్టు. కాదంటే దోచినట్టు. కుడి డొక్కలో సన్నగా పోటు మొదలైంది.

"సాయిబాబూ, ఆ పిల్ల ప్రతిసారీ రికార్డు చేస్తన్నామని చెప్పుద్ది గదా. నిజంగా చేస్తారా, ఊరికే అంటారా?"

"చేస్తారమ్మా."

"అయితే వినమను. పదకొండూ వినమను. నేను అబద్ధమాడానేమో చెప్పమను."

సాయిబాబు అదే రాశాడు. ఫిర్యాదు అని పైన ఇంగ్లీషులో పెట్టాడు. శుక్రవారం ఆపరేషన్ ఉందని కింద గీత గీశాడు.

బుధవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి వీడియో కాల్ వచ్చింది. మాట్లాడింది డాక్టర్ సుష్మిత, విజయవాడ ఆఫీసు. ముప్పై దాటని మనిషి. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నిస్తూ గంభీరంగా ఉంది.

"అన్నీ విన్నానమ్మా. ప్రతిసారీ 'నాక్కాదండీ' అన్నారు. ముందు ఆ మెషీన్‌కి 'సరేనమ్మా' అని కూడా అన్నారు."

"మర్యాద గదమ్మా."

"రోగి ఎవరో, పేరు వయసు తేల్చుకోకుండా మందు రాయకూడదు. అది మా డాక్టర్లకి రూలు. మీరు చెప్పారు, వాళ్ళు వినలేదు. కాబట్టి పాలసీ తీసేయమని నేను రాయను. కానీ మీ రికార్డులో ఇవి ఉన్నంత కాలం ఆపరేషన్ పాసవ్వదు. తీయాలంటే ఎవరి జబ్బు వాళ్ళు నా ముందుకొచ్చి నాదని చెప్పాలి. ఆధార్ చూపించాలి. నాలుగింటికి మళ్ళీ చేస్తాను. ఇకమీదట మాత్రం ఆ నంబరు మీకూ మీ ఆయనకే."

నాలుగింటికి జాన్‌బీ ఇంటి అరుగు ముందు సందంతా చేరింది. ఫోనును నీళ్ళ బిందెకు ఆనించి నిలబెట్టారు. జబ్బార్ కొట్టు మూసి వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఎవరి ఆధార్ వాళ్ళ చేతిలో ఉంది, రేషను షాపు దగ్గర ఉన్నట్టే.

ముందు రోశమ్మ వచ్చింది. "మోకాళ్ళు నావమ్మా. కావాలంటే నడిచి చూపిస్తా."

"అక్కర్లేదమ్మా."

చూపించింది. అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. జాన్‌బీ పాత డాక్టరు ముందు నడిచినట్టే ఉందని చూసినవాళ్ళు అన్నారు. తర్వాత రబియా ఆయాసం తనదని చెప్పి ఆధార్ చూపింది. బీపీ, చెవిపోటు, గజ్జి, కడుపులో మంట ఒక్కొక్కటే సొంతదారుల దగ్గరికి వెళ్ళిపోయాయి. ఒకటి పోయినప్పుడల్లా సుష్మిత కీబోర్డు మీద టక్ మని ఒక చప్పుడు. ప్రతి చప్పుడుకూ జాన్‌బీ ఒళ్ళు కొంచెం తేలికవుతున్నట్టు జబ్బార్‌కు తోచింది.

"థైరాయిడ్ అనుమానం. గొంతు బొంగురు" అని చదివింది సుష్మిత.

అంకమ్మరావు ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

"ఏందయ్యా, నోరు తెరువు. వదిన ఆపరేషన్ ఆపుతావా?" అంది రోశమ్మ.

అంకమ్మరావు ముందుకు వచ్చాడు. "నాదేనండీ. అది థైరాయిడ్ కాదు. జలుబూ కాదు. రాత్రిపూట నాలుగుసార్లు లేవాల్సొస్తది."

"నాలుగు కాదమ్మా, ఆరు" అంది రోశమ్మ.

"మరి జలుబని ఎందుకు చెప్పారండీ?"

"అమ్మా అని పిలిచాడండీ. ఏం చెప్పాలో తెలవలా."

సుష్మిత తెరలోంచి కాసేపు మాయమైంది. మళ్ళీ కనపడినప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది. రేపే పెద్దాసుపత్రిలో చూపించుకోమని, ఉప్పునీళ్ళు మానేయమని చెప్పింది. టక్.

"ఇంకొక్కటే. పదకొండోది. కాన్పుల మధ్య ఎడం కోసం మాత్రలు. ఇది ఎవరిదమ్మా?"

వెనక వరసలో సైమా చంకలో బిడ్డను ఇటు నుంచి అటు మార్చుకుంది. ముఖం దించింది. ఆమెకు రెండడుగుల దూరంలో రబియా నిలబడి ఉంది. రబియా మెల్లగా, పంచాయతీలో సాక్షుల్ని చూసినట్టు, వరసగా పడుచువాళ్ళ ముఖాలు చూడసాగింది. ఇంకో ఇద్దరిని దాటితే సైమా.

జాన్‌బీకి శుక్రవారం గుర్తుకు వచ్చింది. పచ్చబడిన కళ్ళు గుర్తుకు వచ్చాయి. ఈ ఒక్కటీ దాని మనిషి దగ్గరికి వెళ్ళిపోతే పని అయిపోతుంది. ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంది. విప్పింది.

"అది నాదేనమ్మా" అంది.

సందులో ఎవరి చేతిలోనిదో ఆధార్ కార్డు కింద పడింది.

సుష్మిత ముందుకు వంగింది. "మీదా? రికార్డింగులో దానిక్కూడా నాక్కాదండీ అన్నారే."

"సిగ్గుపడి అన్నా."

"పక్కింటి పిల్లకి అన్నారు."

"చానా సిగ్గుపడ్డా."

"యాభై మూడేళ్ళు గదమ్మా మీకు."

జాన్‌బీ గుమ్మం వైపు చూసింది. సందంతా ఆ చూపు వెంట తిరిగింది. గుమ్మం పక్కన జబ్బార్ ఉన్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో అతనికి ఇంత మంది ముందు ఇంత పేరు ఎన్నడూ రాలేదు. నోరు తెరిచాడు. భార్య కళ్ళు చూశాడు. రెండు పూటలూ తిన్న గారెలు గుర్తుకు వచ్చినట్టున్నాయి. నోరు మూశాడు. నెమ్మదిగా చెయ్యెత్తి తెల్లటి గడ్డం నిమురుకున్నాడు.

అది చాలింది. ముందు రోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరూ అడ్డం పెట్టుకోలేదు. రబియా చూపు సైమా దాకా వెళ్ళకుండానే వెనక్కి తిరిగింది.

"ఆపా, ఈ వయసులో నీకు ఇదేందే" అంది.

"నీకెందుకే. నీ ఆయాసం చూసుకో" అంది జాన్‌బీ.

సుష్మిత నవ్వలేదు. ఫోను తెరలోంచి ఆమెకు సందు మొత్తం కనపడుతోంది. వెనక వరసలో నవ్వని మనిషి ఒక్కతే. బిడ్డ తలలో ముఖం దాచుకుని ఉంది. ఆ రికార్డింగులోని లేతగొంతు, మిక్సీ మోత సుష్మిత చెవుల్లో ఇంకా ఉన్నాయి. పదిసార్లు నిజం చెప్పిన మనిషి పదకొండోసారి తన ముఖం మీదే అబద్ధమాడింది. ఒక్క అబద్ధం రాస్తే మిగతా పదీ అనుమానంలో పడతాయి. జాన్‌బీ బిందె ముందు నిలబడి, తెరలో కీబోర్డు మీద ఆగిన సుష్మిత వేళ్ళనే చూస్తోంది.

"అది జబ్బు కాదు గదమ్మా. దాచడానికీ లేదు, దాచారని రాయడానికీ లేదు" అంది సుష్మిత. టక్ మంది.

తర్వాత ఎవరికో అన్నట్టు, "ఆ మాత్రలు వాడేవాళ్ళు ఎవరైనా సరే, మూడు నెలలకోసారి ఊళ్ళో నర్సుకి చూపించుకుంటే మంచిది" అంది.

గురువారం పొద్దున సాయిబాబు ఫోన్ చేశాడు. పాసైంది. రికార్డులో ఇప్పుడు జాన్‌బీకి ఒకటే జబ్బు. కార్డు వెనక నంబరుకు ఫోన్ చేస్తే ముందు ముఖం చూపించమంటారని, ఆ తర్వాతే డాక్టరు మాట్లాడతాడని కూడా చెప్పాడు.

ఆ రోజు జబ్బార్ క్షవరం చేయించుకున్నాడు. గడ్డానికి గోరింటాకు పెట్టించాడు. కొట్టు దగ్గర మోటార్లు తెచ్చిన రైతులు అన్నా అనేవాళ్ళు కాస్తా ఏంది బాయ్ అని కన్నుగీటుతున్నారు. అతను వద్దనలేదు. సైమా నూనె చుక్క లేని గోధుమజావ తెచ్చి జాన్‌బీ ముందు పెట్టింది. గిన్నె తీసుకుపోవడానికి మళ్ళీ వచ్చినప్పుడు జాన్‌బీ కాళ్ళ దగ్గర కాసేపు ఊరికే కూర్చుంది.

శుక్రవారం ఆపరేషన్ అయింది. రాళ్ళు తొమ్మిది. చిన్న సీసాలో వేసి ఇచ్చారు. జబ్బార్ వెలుతురుకు పట్టి చూసి, "నాపరాయి కాదులే" అన్నాడు.

శనివారం పొద్దున సర్జన్ వార్డులోకి వచ్చాడు. కుట్లు చూశాడు. ఎలా ఉందని అడిగాడు.

"నాకు బాగుందయ్యా" అంది జాన్‌బీ. గోడవైపు చూసి, ఎక్కడా రికార్డు చేసే ఫోను లేదని నిర్ధారించుకుంది. దిండు కింద చెయ్యి పెట్టి, మడిచి దాచుకున్న చీర కొంగు బయటికి లాగింది. ఆరు ముళ్ళున్నాయి.

"నాక్కాదుగానీ డాక్టరు గారూ" అంటూ మొదటిది విప్పసాగింది. "మా తమ్ముడొకాయన, లారీ నడుపుతాడు."

సర్జన్ గడియారం చూసుకున్నాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.